లేచేటప్పుడు చెప్పే మనిషి

ఆ కబురు నాకు సీసాల లైను దగ్గర అందింది. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో టీ వేళ ఇంకా కాలేదు. జేబులో ఫోను వణికింది. సూపర్‌వైజర్ అటు తిరిగినప్పుడు ఎత్తాను. అవతల దవాఖానలో సర్వే చేసే సారు. "బ్రదర్, మన డాక్టర్ మేడం పోయారు" అన్నారు. "సరే సార్" అన్నాను. ఫోను మళ్లీ జేబులో పెట్టుకున్నాను. మూతల మిషను ఆగలేదు. నేనూ ఆపలేదు. సీసా వచ్చింది, మూత పడింది, సీసా వెళ్లిపోయింది. షిఫ్టు అయ్యేవరకు అలాగే నిలబడ్డాను. ఏడుపు రాలేదు. ప్రియులారా, ఇప్పటికీ రాలేదు. ఈ మాట రాస్తున్నప్పుడు కూడా చేయి మామూలుగానే కదులుతోంది.

నేను ఎవరి దగ్గరా వాక్యం నేర్చుకున్నవాడిని కాదు. షిఫ్టు లేని వేళల్లో గ్రంథం ముందు పెట్టుకుని, వరుస కింద వేలు పెట్టి చదువుకుంటూ నేర్చుకున్నాను. ఆదివారం ముత్తంగిలో ఒక కిరాయి షట్టర్లో నిలబడి చెబుతాను. మైకు లేకున్నా రోడ్డు అవతలి లారీ డ్రైవర్లకు నా గొంతు వినిపిస్తుంది. పాపం గురించి చెప్పినా, కృప గురించి చెప్పినా గొంతు ఒక్కటే, మంట ఒక్కటే. ఆ నోటికి ఇప్పుడు మాట అందడం లేదు. అందుకే కాగితం తీసుకున్నాను.

డాక్టరమ్మ మా వైపు సర్కారు దవాఖానలో మనసు జబ్బులకు వైద్యం చేసేవారు. గురువారం ఆమె ఓపీ. ఆమె తండ్రిగారు కోస్తా నుంచి ఇక్కడి పెద్ద సర్కారు కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డారట. ఆమె క్వార్టర్లలోనే పుట్టి పెరిగారు. అందుకే ఆమె మాట సగం అటూ సగం ఇటూ ఉండేది. మెట్ల కింది గది ఇచ్చారు ఆమెకు. అందులో ఒక చేతుల కుర్చీ, ఒక పాత బెంచీ. రోగికి కుర్చీ, డాక్టరుకు బెంచీ. అది ఆమె పద్ధతి. మధ్యలో బల్ల ఉండకూడదు.

నా చెల్లె మందుల కంపెనీలో ప్యాకింగు పనికి పోయేది. ఒక వానాకాలం, ఫ్యాక్టరీ సైరన్ తనను పేరు పెట్టి పిలుస్తోందని చెప్పడం మొదలుపెట్టింది. తర్వాత చెప్పడం కూడా మానేసింది. గోడవైపు తిరిగి కూర్చునేది. అన్నం పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. ఏమన్నా "సరే అన్నా" అనేది. అత్తింటివాళ్లు తీసుకొచ్చి పోతిరెడ్డిపల్లిలో నా ఇంటి ముందు దింపి పోయారు. నేను ప్రార్థన చేశాను, ఉపవాసం ఉన్నాను, దవాఖానకూ తీసుకుపోయాను. నా దేవుడు మందుబిళ్ల మీద కోపగించుకునే దేవుడు కాదు.

మొదటి గురువారం నేనే మాట్లాడాను. జబ్బు సంగతి, అత్తింటి సంగతి, మధ్యలో రెండు లేఖనాలు కూడా. డాక్టరమ్మ అంతా విని, "పాస్టరుగారూ, రోగి మీరా?" అన్నారు.

"కాదమ్మా. పాస్టర్ని గూడ కాదు. వాక్యం చెప్త, గంతే."

"అయితే కాసేపు చెప్పకండి."

చెల్లెను ఆమె ఏమీ అడగలేదు. కొంగులో మూటగట్టుకున్న వేయించిన పల్లీలు తీసి, పొట్టు ఊది, సగం చెల్లె చేతిలో పోశారు. ఇద్దరూ తిన్నారు. ఆ రోజు వైద్యమంతా అంతే. బయటికి వచ్చాక నేను గొణిగాను, "గిదేం డాక్టరమ్మనో, పల్లీలు పెట్టి పంపుతది" అని. చీటీలో మందు కూడా రాసి ఉందని ఇంటికి పోయాక చూసుకున్నాను. నెలలు గడిచాయి. చెల్లె గోడవైపు నుంచి వాకిలివైపు తిరిగింది. వాకిలి నుంచి వీధిలోకి వచ్చింది.

ఆ రోజుల్లోనే సర్వే సారు వచ్చారు. ఆయన హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో పనిచేస్తారు. మనసు జబ్బుకు మందు మొదలుపెట్టినవాళ్లలో ఎవరు నిలుస్తున్నారు, ఎవరు మధ్యలో మానేస్తున్నారు, ఇంటికి వెళ్లి పలకరిస్తే తేడా ఉంటుందా అని తెలుసుకోవడం ఆయన పని. దవాఖానలో చాలామందికి ఆయన రావడం నచ్చలేదు. రోగులను లెక్కపెట్టుకుని పోతాడు, మనకేం ఒరుగుతుంది అన్నారు. డాక్టరమ్మ మాత్రం ఒక్క షరతు పెట్టారు. గురువారాలు ఆయన తన బెంచీ మీదే కూర్చుని రోగులను చూడాలి. ఆదివారాలు తను ఆయన వెంట ఇళ్లకు తిరుగుతారు. "నా పని చూడకుండా నా రోగుల్ని లెక్కపెట్టకూడదు. మీ లెక్క చూడకుండా నేనూ దాన్ని తిట్టకూడదు" అన్నారు. రోగుల ఇంటివాళ్లం కొందరం కూడా ఉండాలని మమ్మల్నీ లోపలికి పిలిచారు. అలా నేను ఆ గదిలో గోడకు ఆనుకుని నిలబడటం అలవాటైంది.

ఆ బెంచీ సంగతి చెప్పాలి. దాని కాళ్లు రెండూ బాగా నడిమికి జరిగి ఉన్నాయి. చివరన ఒక్కరే కూర్చుంటే అవతలి చివర పైకి లేస్తుంది. మొదటి వారమే డాక్టరమ్మ మందులు తేవడానికి చటుక్కున లేచారు. సర్వే సారు ఫైళ్లతో సహా నేల మీద పడ్డారు. కుర్చీలో ఉన్న చెల్లె నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. జబ్బు చేసిన తర్వాత ఆమె నవ్వు ముఖం నేను చూడటం అదే మొదలు. ఆ రోజు నుంచి డాక్టరమ్మ లేచే ప్రతిసారీ చెప్పేవారు. "లేస్తున్నా సారూ, పట్టుకోండి." ఆయన రెండు చేతులా బెంచీ పట్టుకుని మధ్యకు జరిగేవారు. ఆయన లేచినా అంతే. ఎంత కొట్లాటలో ఉన్నా ఆ ఒక్క మాట మానలేదు. కొత్త బెంచీ అడగొచ్చు కదమ్మా అంటే, "దీని మీద ఒకరిని మరిచిపోయి ఒకరు లేవలేరు పాస్టరుగారూ, ఉండనివ్వండి" అనేవారు.

వాళ్ల కొట్లాటలు చిన్నవి కావు. పెద్దది మా చెల్లె మీదే జరిగింది.

సర్వే సారు మనుషులు ఇంటికి వచ్చి అడిగే ప్రశ్నల్లో, ఇరుగుపొరుగుతో గొడవపడుతున్నారా అన్నది ఒకటి. గొడవ ఎక్కువైతే జబ్బు ఎక్కువైనట్టు లెక్క. చెల్లె ఉన్నదున్నట్టు చెప్పింది. పక్కింటామెతో కొట్లాడిన, ఆటోవానితో కొట్లాడిన, రేషన్ దుకాణంల కొట్లాడిన అని. హైదరాబాదులో కంప్యూటరు ఆమె పరిస్థితి దిగజారిందని చూపించింది. ఒక ఆదివారం సర్వే సారు, డాక్టరమ్మ కంగారుగా జీపులో మా ఇంటికి వచ్చారు. నేనప్పుడే షట్టర్ నుంచి తిరిగొచ్చాను. ఏమైందో తెలియక జీపు దగ్గరికి పరుగెత్తాను.

వీధి చివర నీళ్ల ట్యాంకర్ ఆగి ఉంది. దాని మెట్టు మీద నిలబడి, పైపు చంకలో పెట్టుకుని, నా చెల్లె ట్యాంకర్ డ్రైవర్‌ను వాయిస్తోంది.

"ఏందిరా, ఎప్పుడు సూసినా ఆ లైనుకే ముందుగాల! మేము మనుషులం గాదా?"

"అక్కా, జెర పైపు ఇడువు. టైం అయితున్నది."

"ఇడువ. మా గల్లీ బిందెలు నిండినంక ఇడుస్త. ఏం జేస్తవ్ జెయ్!"

వెనక ఆడవాళ్లు "పట్టు, గట్టిగ పట్టు" అంటున్నారు. సర్వే సారు జీపు దిగి అలాగే నిలబడిపోయారు. చెల్లె ఆయన్ను చూసింది. "సారూ, మంచిగ వచ్చినవ్. ఆ బిందె జెర ఇటు పట్టు" అంది. ఆయన పట్టారు. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసింది. డాక్టరమ్మ మా గడప మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వారు.

"ఇదేనా సారూ, దిగజారడం?"

"మేడం, లెక్క ప్రకారం..."

"లెక్కను ఇక్కడికి తీసుకురండి. దీని ముందు నిలబెట్టండి. సరే సరే అని గోడవైపు తిరిగి కూర్చున్న మనిషి అండీ ఇది. ఇవాళ పైపు వదలనంటోంది."

ఆ తర్వాతి గురువారం నుంచి ఆమె రోగుల్ని పలకరించే మాట మారిపోయింది. నిద్ర, తిండి, మందు తర్వాత. ముందు, "ఏమ్మా, ఈ వారం ఎవరితో కొట్లాడావు?" ఎవరితోనూ లేదంటే ఆమె ముఖం వాడిపోయేది. ఒకసారి నాతో అన్నారు, "మీ గ్రంథంలో కూడా దేవదూతతో తెల్లవార్లూ పట్టు వదలకుండా పెనుగులాడినవాడికే కదా దీవెన. నడుము కింద ఎముక జరిగినా వదల్లేదుగా." ఆమె గుడికి పోయే మనిషి కాదు, నా షట్టర్‌కూ ప్రార్థనకని రాలేదు. ఎప్పుడైనా ఆదివారం ఇళ్లు తిరిగి వస్తూ చివరి వరుసలో కూర్చునేవారు. కళ్లు మూసుకోకుండా వినేవారు. ఆ పెనుగులాట మీద నేను ఎన్నో ఆదివారాలు గొంతు చించుకున్నాను. ఆమె ఒక్క వాక్యంలో చెప్పి పల్లీలు ఒలుచుకున్నారు.

అయితే ఈ కథలో ఆమె గెలిచి ఊరుకుంటే నేను ఇంతగా చెప్పుకునేవాడిని కాదు. సర్వే సారు ఆ ప్రశ్న తీసేయనన్నారు. "మేడం, గొడవ కొందరిలో నిజంగానే జబ్బు. మీ కళ్ల ముందుకు వచ్చినవాళ్లను మీరు చూస్తున్నారు. రానివాళ్లు నా లెక్కలోనే కనిపిస్తారు" అన్నారు. జోగిపేట వైపు ఒకాయన ఉండేవాడు. కొట్లాడుతున్నాడని తెలిసి డాక్టరమ్మ సంతోషించారు, కోలుకుంటున్నాడనుకున్నారు. సర్వే సారు ఊరుకోలేదు. వెళ్లి చూద్దామని పట్టుబట్టి ఆమెను జీపెక్కించారు. ఆ మనిషి నిద్ర మాని, ఎదురుగా ఎవరూ లేకుండానే అరుస్తున్నాడు. ఇంకొంచెం ఆలస్యమైతే చేతికి దక్కేవాడు కాదు. మరుసటి గురువారం అందరి ముందు డాక్టరమ్మ బెంచీ మీద కూర్చుని, "సారు చెప్పింది నిజం. నేను తప్పు చూశాను" అన్నారు. తల వంచుకుని అనలేదు. మామూలుగా అన్నారు.

చాలా గురువారాలు తర్జనభర్జన పడ్డారు. చివరికి ఆ ప్రశ్న రెండు ముక్కలైంది. మొదటి ముక్క డాక్టరమ్మది. ఎవరితో కొట్లాడావు? రెండోది సర్వే సారుది. దేనికి? దేనికో చెప్పగలిగితే, నీళ్లకో సీటుకో మాటపట్టింపుకో అయితే, అది బతుకు. దేనికో చెప్పలేకపోతే ఇంటికి వెళ్లి చూడాలి. ఒకరు మొదటిది అడగడం, రెండోవారు రెండోది అడగడం అలవాటైంది. న్యాయం కోసం న్యాయాధిపతి తలుపు కొట్టి కొట్టి విసిగించిన విధవరాలి సంగతి నేను చెప్పినప్పుడు ఇద్దరూ ఒకేసారి, "దేనికో ఆమెకు తెలుసు" అన్నారు. ముగ్గురం నవ్వాం.

డాక్టరమ్మకు లోపల పెద్ద జబ్బు ఉందని మాకెవరికీ తెలియదు. చాలాకాలంగా ఉందట. చివరి గురువారం కూడా సాయంత్రం దాకా కూర్చున్నారు. చెల్లెకు పల్లీలు పెట్టారు. తను తినలేదు. అది నేను చూశాను. చూసి ఊరుకున్నాను, ఆకలి లేదేమో అనుకున్నాను. తర్వాతి వారం ఓపీ లేదన్నారు. ఆ తర్వాత ఫోను వచ్చింది.

దవాఖాన ఆవరణలో సంతాప సభ పెట్టారు. పెద్దవాళ్లు మాట్లాడారు. నన్నూ పిలిచారు. గ్రంథం చంకలో ఉంది. విప్పాను. అక్షరాలు కనిపించాయి, చదవడం తెలుస్తోంది, కానీ ఏదీ లోపలికి దిగలేదు. గ్రంథంలో, అన్నీ పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న మనిషి చుట్టూ అతని స్నేహితులు మొదట నోరు తెరవకుండా కూర్చున్నారని ఉంది. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే అని నేను ఎన్నోసార్లు బల్ల గుద్ది చెప్పాను. "కూసుంట" అని మైకులో చెప్పి వచ్చి కూర్చున్నాను. ఎండ మెడ మీద పడుతోంది. అది మాత్రం తెలిసింది.

నా మనసు మొద్దుబారితే బారింది. నా భయం చెల్లె గురించి. కబురు చెప్పిన రోజు ఆమె, "అట్లనా అన్నా" అంది. బియ్యం ఏరడం ఆపలేదు. మరునాడు ట్యాంకర్ వచ్చింది. ఆమె బిందె పట్టుకుని వెళ్లి చివర నిలబడింది. ఎవరో ముందుకు దూరారు. పక్కకు జరిగింది. ఇంకొకరు దూరారు. ఇంకొంచెం జరిగింది. ఖాళీ బిందెతో ఇంటికి వచ్చింది. డ్రైవరే నా దగ్గరికి వచ్చి, "ఏందన్నా, అక్కకు పానం బాగలేదా? ఒక్క మాట గూడ అనలే" అని అడిగాడు.

"ఎందుకు ఊకున్నవ్‌రా?" అన్నాను ఇంట్లో.

"పోనీ అన్నా."

"మందులు ఏసుకుంటున్నవా?"

"సరే అన్నా."

ఆ "సరే అన్నా" నాకు తెలుసు. గోడవైపు తిరిగిన రోజుల మాట అది. సైరన్ పిలిచిన రోజుల మాట. కొత్త డాక్టరు వచ్చారని కబురొచ్చింది. వస్తుందో రాదో అనుకున్నాను. గురువారం రమ్మంటే వచ్చింది. వద్దంటే ఆగిపోయేది కూడా.

మెట్ల కింద గది అలాగే ఉంది. కొత్త డాక్టరు కుర్రాడు, మర్యాదస్తుడు. తన కోసం ఆఫీసుల్లో వాడే చక్రాల కుర్చీ ఒకటి తెప్పించుకున్నాడు. సర్వే సారు బెంచీ మీద ఎప్పటి చోటులోనే, ఆ చివరనే కూర్చుని ఉన్నారు. బెంచీ లేవకుండా రెండో చివర ఒక బరువైన మందుల అట్టపెట్టె పెట్టారు. నేను గోడకు ఆనుకున్నాను.

డాక్టరు నిద్ర అడిగాడు. "మంచిగనే వస్తది" అంది చెల్లె. ఆకలి అడిగాడు. "అయితది" అంది. మందులు వేసుకుంటున్నారా అంటే, "సరే" అంది. ఆయన రాసుకుని, "బాగానే ఉన్నారు" అన్నాడు. తలుపు దగ్గర తర్వాతి రోగి నిలబడి ఉన్నాడు. చెల్లె లేవబోయింది.

సర్వే సారు గొంతు సవరించుకున్నారు. "ఏమ్మా" అన్నారు. ఆగారు. అది ఆయన వంతు ప్రశ్న కాదు. "ఏమ్మా, ఈ వారం ఎవరితో కొట్లాడావు?"

చెల్లె మళ్లీ కుర్చీలో కూర్చుంది.

"డాక్టరమ్మతోని" అంది.

కొత్త డాక్టరు కలం ఆగింది. ఆయన చెల్లెను చూశాడు, తర్వాత సర్వే సారును చూశాడు. చనిపోయిన మనిషితో మాట్లాడుతోందంటే దాన్ని ఏమని రాసుకుంటారో నాకూ తెలుసు. "ఆమె గొంతు మీకు వినిపిస్తోందా అమ్మా?" అన్నాడు మెల్లగా. సర్వే సారు చేయి ఎత్తారు. "డాక్టర్ గారూ, ఒక్క నిమిషం. ఇంకో ముక్క ఉంది" అన్నారు. చెల్లె వైపు తిరిగారు.

"దేనికి?"

"లేసేటప్పుడు చెప్తుండె గదా సారూ" అంది చెల్లె. "ఎన్నడు లేసినా చెప్తుండె. పట్టుకో అని చెప్పి లేస్తుండె. మొన్నెందుకు చెప్పలే? నీకు గూడ చెప్పలే గదా? పడ్డవ్ గదా నువ్వు గూడ?"

సర్వే సారు బెంచీ అంచు రెండు చేతులా పట్టుకున్నారు.

చెల్లె కొత్త డాక్టరు వైపు తిరిగింది. గొంతు పెరిగింది. "గొంతు ఇనొస్తుందా అని అడుగుతున్నవ్. ఇనొస్త లేదు. నాకెరుకే తేడా, ఏండ్ల సంది పడ్డదాన్ని. ఆమె సచ్చిపోయింది, నాకెరుకే. నేనే అన్న, నా నోటితోని నేనే అన్న. ఇంక ఇదేంది? ఆమె కూసునే జాగల అట్టపెట్టె పెడతరా? జెరంత సిగ్గు గూడ లేదా మీకు?"

బయట వరుసలో ఉన్నవాళ్లు తొంగి చూశారు. డాక్టరు లేచి నిలబడ్డాడు. "సారీ అమ్మా, తీయిస్తాను" అన్నాడు.

"నువ్వు తీయిచ్చేదేంది?" అంది. అట్టపెట్టె రెండు చేతులా ఎత్తి కింద పెట్టింది. బెంచీ ఒక్క క్షణం సారు వైపు ఒరిగింది. ఖాళీ చివర పైకి లేచేలోపు తనే అక్కడ కూర్చుంది.

"లేసేటప్పుడు చెప్పు సారూ" అంది.

"చెప్తానమ్మా" అన్నారు ఆయన.

తర్వాతి రోగి వచ్చి చేతుల కుర్చీలో కూర్చున్నాడు. డాక్టరు నిద్ర గురించి అడుగుతున్నాడు. వాళ్లిద్దరూ ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు, ముందుకు చూస్తూ కూర్చుని ఉన్నారు. బెంచీ సమంగా ఉంది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.